వాసనేమైనా వస్తోందా?

అమ్మకు,

నీ పెద్దమ్మాయి నమస్కారాలు. ఇక్కడ నేను, మీ అల్లుడు, పిడుగు ముగ్గురం క్షేమంగా ఉన్నాం. మామూలుగా ఈ వాక్యాన్ని చెయ్యి తనంతట తనే రాసేస్తుంది. ఈసారి మాత్రం లేచి ఇల్లంతా ఒకసారి తిరిగి చూసొచ్చి మరీ రాశాను. అక్కడ నువ్వు, తమ్ముడు, మరదలు, చంటివాడు కులాసాగా ఉన్నారని తలుస్తాను. వాడు రాత్రంతా ఎవరినీ కన్ను మూయనివ్వకుండా ఏడ్చి, తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు బోసి నవ్వులు నవ్వుతున్నాడని రాశావు. అచ్చం వాళ్ళ నాన్న పోలికే. తమ్ముడూ అంతేగా, చేసిన ఘనకార్యమంతా చేసి నీ కొంగు చాటున నిలబడేవాడు. తిట్లు నాకు పడేవి.

ఫోన్ ఉండగా ఈ కాగితాల గోలేమిటని వాడు వెక్కిరిస్తూనే ఉంటాడు. కానీ ఫోన్‌లో నీ గొంతు వినగానే నేను "ఆ, బానే ఉన్నాం" అనేస్తాను. నువ్వు రెండోసారి అడిగేలోపు చంటివాడి సంగతి ఎత్తి మాట మార్చేస్తాను. నువ్వేమో నీ కిందటి ఉత్తరంలో, హాస్టల్ వార్డెన్‌గా ఉన్న రోజుల్లో ఆలస్యంగా వచ్చిన ఆడపిల్లల్ని నిలదీసినట్టు వరుసగా ప్రశ్నలు వేశావు. అన్నిటికీ జవాబు చెప్తాను. వరుస మాత్రం నా ఇష్టం.

సులువైనవి ముందు. మీ అల్లుడి జలుబు తగ్గలేదు. ఏడాదిలో ముప్పాతిక భాగం ఆయన ముక్కు ఆయనది కాదని నీకు తెలుసు. రక్తనిధి ల్యాబ్‌లో ఏసీ గాలి పడట్లేదంటాడు, మాస్క్ పడట్లేదంటాడు, ఇంట్లో దుమ్ము పడట్లేదంటాడు. ఇక మిగిలింది నేనే కదా అంటే నవ్వుతాడు. ఆమధ్య పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లబడితే, పక్కనే నిలబడి పేపర్ చదువుతున్నాడు మహానుభావుడు.

పిడుగు చదువు బాగానే ఉంది. లెక్కల్లో చురుకు. కాకపోతే క్లాసులో కునుకు తీస్తోందని టీచర్ రెండుసార్లు కబురు పంపింది. తండ్రి పోలిక, ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్ర అని నేను తేలిగ్గా తీసుకున్నాను. ఆ సంగతి మళ్ళీ రాస్తాను.

నా పని గురించి అడిగావు. "రోజంతా ఏడ్చేవాళ్ళ ఎదురుగా కూర్చుని, ఇంటికొచ్చి అన్నం ఎలా తింటావే?" అన్నావు. ఇన్నేళ్ళూ బాగానే తిన్నానమ్మా. మా కౌన్సెలింగ్ గది నువ్వు చూడలేదు కదూ? చిన్నది. రెండు కుర్చీలు, ఒక బల్ల, కాగితపు రుమాళ్ళ డబ్బా, వచ్చినవాళ్ళకి కనబడకుండా వాళ్ళ తల వెనక గడియారం. వచ్చినవాళ్ళ కుర్చీ ఎప్పుడూ తలుపు పక్కనే ఉంటుంది. ఘోరాలు చూసి వచ్చిన మనుషులు వాళ్ళు, ఎప్పుడు లేచి వెళ్ళిపోవాలనిపించినా దారికి నేను అడ్డం ఉండకూడదు. అంటే ఆ గదిలో తలుపుకి దూరంగా, గోడకి ఆనుకుని ఉండేది నేను. ఈమధ్య వరకూ నాకా సంగతి తట్టనే లేదు.

మాలో ప్రతి ఒక్కరం వారానికొకసారి పెద్ద మేడమ్ దగ్గర కూర్చోవాలి. మా అందరికీ పైన ఉండే పెద్దావిడ ఆమె. ప్రతిసారీ ఒకటే ప్రశ్న వేస్తుంది. "ఈ వారం ఇంటికేం పట్టుకెళ్ళావు?" అంటే గదిలో విన్నదాంట్లో ఏది గదిలో వదలలేకపోయావు అని. విన్నది మాకు అంటుకుంటుందని అందరికీ తెలుసు. చెప్పుకుంటే దులుపుకోవచ్చు, చెప్పుకోకపోతే లోపలే ఉండిపోతుంది. కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది నేనే.

కొంతకాలంగా నా దగ్గరికి ఒకావిడ వస్తోంది. ఆవిడ పనిచేసేది ఏదో కుట్టుపని చోటు అనుకో. కొన్ని వివరాలు మార్చి చెప్తున్నాను. అక్కడి మనుషుల సంగతులు మేం గడప దాటించకూడదు, కన్నతల్లి దగ్గరైనా సరే. ఆవిడ పనిచేసే చోట నిప్పంటుకుంది. మంట కనబడక ముందే అందరికన్నా ముందు ఆవిడకి వాసన తెలిసింది. లేచి వెళ్ళి చెప్పింది. పైనున్నాయన "ఏమీ లేదమ్మా, నీ భ్రమ. వెళ్ళి కూర్చో" అన్నాడు. వెళ్ళి కూర్చుంది. ఆవిడ బయటపడింది కానీ పక్క మిషన్ మీద కుట్టే స్నేహితురాలు బయటపడలేదు. ఇప్పుడు ఆవిడకి ఎక్కడ కూర్చున్నా పొగ వాసన వస్తుంది. నా గదిలోనూ వస్తుంది.

అప్పుడు నేను చేసే పని ఒకటుంది. నెమ్మదిగా, "కాళ్ళు నేలకి ఆనించండి. ఇక్కడ పొగ లేదు. కళ్ళకి కనబడే ఐదు వస్తువులు చెప్పండి" అంటాను. కుర్చీ, గడప, ఫ్యాను అని ఆవిడ చెప్తూ ఉంటే ఊపిరి కుదుటపడుతుంది. చాలామందికి పనిచేస్తుంది. ఆవిడకీ పనిచేస్తోందనే అనుకున్నాను. ఒకరోజు రెండు వస్తువులు చెప్పి ఆగిపోయింది. నా మొహంలోకి చూసి, "ఆయనా ఇంత నెమ్మదిగానే చెప్పాడండీ" అంది.

ఏదో జవాబు చెప్పే ఉంటాను, ఏం చెప్పానో గుర్తులేదు. ఆవిడ వెళ్ళాక తలుపు తీసిపెట్టి చాలాసేపు ఆ గోడ పక్కనే కూర్చుండిపోయాను. ఆ సాయంత్రం బస్సులో ఇంటికొస్తూ ఉంటే నాకు మొదటిసారి వాసన వచ్చింది. బట్ట కాలే వాసన, దాంట్లో మిషన్ నూనె కలిసినట్టు. తల తిప్పి చూశాను. ఎవరూ కదలట్లేదు. ఒకాయన పల్లీలు తింటున్నాడు. ఇంత వాసన వస్తుంటే ఈ మనుషులకేమైంది అనుకున్నాను. తర్వాత అర్థమైంది, ఆ వాసన నాకొక్కదానికే వస్తోందని.

ఒక్క నిమిషం ఆగమ్మా.

వచ్చాను. వంటింట్లో ఏమీ లేదు. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసే ఉంది. మధ్యాహ్నం వేళ, పిడుగు బడిలో ఉంది, మీ అల్లుడు డ్యూటీలో ఉన్నాడు. పై పేరా కింద సిరా అలుక్కుపోయింది చూడు, అది నేను లేచిన తొందర.

ఇదేమిటో నాకు తెలుసు. దానికో పేరుంది, పుస్తకాల్లో అధ్యాయాలున్నాయి. మా పని చేసేవాళ్ళలో చాలామందికి వస్తుంది. పేరు తెలిస్తే భయం తగ్గుతుందని వచ్చినవాళ్ళకి చెప్తూ వచ్చాను. తగ్గదమ్మా. పేరు తెలుసు, వాసనా వస్తూనే ఉంది. మొదట బస్సులో, తర్వాత లిఫ్టులో, తర్వాత ఇంట్లో. గ్యాస్ మీట చూసేదాన్ని. ప్లగ్గులన్నీ ముట్టుకుని వేడిగా ఉన్నాయేమోనని చూసేదాన్ని. పడుకున్నాక మళ్ళీ లేచేదాన్ని. మీ అల్లుణ్ణి లేపి "ఏమైనా వాసన వస్తోందా?" అంటే, "నాకా?" అని అటు తిరిగి పడుకునేవాడు. ఆ ముక్కుని అడగడం నాదే బుద్ధితక్కువ.

అందుకని పిడుగుని అడిగాను.

మొదటిసారి మామూలుగానే అడిగాను, ఏదో కూర మాడిందేమోనన్నట్టు. "బంగారం, వాసనేమైనా వస్తోందా?" అది బొమ్మ గీస్తూ తలెత్తకుండానే "ఏం రావట్లేదమ్మా" అంది. ఆ మాటకి నా ప్రాణం లేచొచ్చింది. వెళ్ళి దాని నెత్తిన ముద్దు పెట్టాను. ఆ తర్వాత అది అలవాటైపోయింది. వాసన వచ్చినప్పుడల్లా పిల్లని అడగడం, అది లేదనడం, నేను ఊపిరి పీల్చుకోవడం. చిన్నపిల్ల ముక్కు, పుట్టెడు జలుబు లేని ముక్కు, దానికి రావట్లేదంటే లేనట్టే కదా అనుకున్నాను. నువ్వు హాస్టల్లో మూడో అంతస్తులో ఎవరో దొంగచాటుగా గుడ్లు ఉడకబెట్టుకుంటే కింద ఆఫీసులో కూర్చుని పట్టేసేదానివి. నీ ముక్కే మనవరాలికి వచ్చిందని లోలోపల మురిసిపోయాను కూడా.

పిల్ల బూట్లు వేసుకుని పడుకుంటోందేమిటని అడిగావు. అదే నీకు ఫోన్‌లో చెప్పేసిందన్నమాట. దాని నోట్లో నువ్వుగింజ నానదు. అవును, నేనే నేర్పాను. ఆట అని చెప్పాను. నేను "బూట్లు" అనగానే వేసుకుని వీధి తలుపు దాకా పరిగెత్తాలి, ఎంత తొందరగా వెళ్తుందో చూద్దామని. మొదట్లో కిలకిలా నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. ఆ తర్వాత మంచమెక్కేటప్పుడే వేసుకోవడం మొదలుపెట్టింది, నేను అడక్కుండానే. బుద్ధిమంతురాలు అనుకున్నాను. నీతో ఫోన్‌లో "అమ్మమ్మా, ఐదు వస్తువులు చెప్పు" అని ఆడించేది కూడా ఈ ఇంట్లో నేర్చుకున్న ఆటే.

ఇంతలో వారం వారం పెద్ద మేడమ్ అడుగుతూనే ఉంది, "ఈ వారం ఇంటికేం పట్టుకెళ్ళావు?" అని. "ఏమీ లేదు మేడమ్" అనేదాన్ని. చెప్తే కుట్టుపని ఆవిణ్ణి నా దగ్గర్నుంచి తీసేస్తుందని భయం. తీసేస్తే ఆవిడ దృష్టిలో నేనూ చెయ్యి విదిలించుకున్నట్టే అవుతుందని భయం. వీటన్నిటికన్నా, ఇన్నేళ్ళు చేసిన పని నా వల్ల కాదంటుందేమోనని ఎక్కువ భయం. మేడమ్ నా మొహం చూసి "సరే" అని ఊరుకునేది.

ఇక గోడకి రంగు సంగతి. ఉన్నట్టుండి వెనకగదికి రంగులెందుకు వేయించారు, తెరలెందుకు మార్చారు అని అడిగావు. పాత వైరింగ్, ఎలక్ట్రీషియన్ మార్చాలన్నాడని ఫోన్‌లో చెప్పాను. అందులో అబద్ధం లేదు. కానీ సగమే చెప్పానమ్మా.

ఆదివారం మధ్యాహ్నం. మీ అల్లుడు డ్యూటీకి వెళ్ళాడు. పిడుగు ముందుగదిలో బల్ల దగ్గర బొమ్మలేసుకుంటోంది. నేను పడకగదిలో ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. వాసన వచ్చింది. అదే వాసన, బట్ట కాలే వాసన. అక్కడి నుంచే కేకేశాను, "పిడుగూ, వాసనేమైనా వస్తోందా?"

కొంచెం ఆగి, "ఏం రావట్లేదమ్మా" అంది.

సరే అనుకున్నాను. ప్రతిసారీ లేచి ప్లగ్గులు పట్టుకు చూడటం రోగాన్ని పెంచడమేనని ఎందరికి చెప్పలేదు నేను! ఈసారి లేవకూడదు, కూర్చోవాలి, దాన్ని వచ్చి పొమ్మనాలి అనుకున్నాను. మంచం మీద కూర్చుని కాళ్ళు నేలకి ఆనించాను. అద్దం, దువ్వెన, దుప్పటి, కిటికీ, గొళ్ళెం. వాసన ఇంకా ఎక్కువైంది. ఎక్కువైనా లేవలేదు. మళ్ళీ మొదలుపెట్టాను. అద్దం, దువ్వెన. లోపల చిన్న గర్వం కూడా ఉందమ్మా, ఈసారి భయాన్ని గెలుస్తున్నానని.

కళ్ళు మండేదాకా కూర్చున్నాను. భ్రమకి కళ్ళు మండవు కదా అని అప్పటికి తట్టింది. తలుపు దగ్గరికొచ్చి చూస్తే వెనకగది తలుపు కిందనుంచి పొగ పాక్కుంటూ వస్తోంది. ముందుగదిలో పిడుగు బల్ల దగ్గరే కూర్చుని ఉంది. చేతిలో రంగు పెన్సిల్ ఉంది కానీ గీయట్లేదు. కాళ్ళకి బూట్లు ఉన్నాయి. రెండూ గట్టిగా బిగించి ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో, బొమ్మలేసుకునే పిల్ల బూట్లు వేసుకుని కూర్చుంది.

దాన్ని ఎలా ఎత్తుకున్నానో, ఎదురింట్లో ఉండే బస్సు కండక్టర్ చేతిలో ఎలా పెట్టానో నాకు తెలియదు. మెయిన్ స్విచ్ కట్టేసింది ఆయనేనట, నేను కాదు. బకెట్లతో ఆయనా, పైఅంతస్తు వాళ్ళూ కలిసి ఆర్పారు. వెనకగదిలో ప్లగ్గుల బోర్డు కాలి, దాని వెనక తెర అంటుకుంది. తెరా, పాత బొంతా, ఒక గోడా పోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు. మీ అల్లుడు వచ్చి నల్లటి గోడ ముందు నిలబడి, "ఇది కూడా నాకు వాసన తెలియట్లేదే" అని ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడటం నాకదే మొదటిసారి.

సాయంత్రం పిడుగుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగాను. ఎలా అడగాలో నాకు బాగా తెలుసు, అదే కదా నా పని.

"నీకు వాసన వచ్చిందా తల్లీ?"

"వచ్చింది."

"మరి రావట్లేదన్నావేం?"

అది నా గాజు తిప్పుతూ కూర్చుంది. "రావట్లేదంటే నీ మొహం బాగుంటుంది కదా" అంది.

"ముందు కూడా వచ్చేదా?"

"ఒకసారి పాలు మాడినప్పుడు వచ్చింది. ఇంకోసారి పక్కింటివాళ్ళు చెత్త కాల్చినప్పుడు. అప్పుడూ రావట్లేదనే చెప్పా."

"ఇవాళ నీకు భయం వేయలేదా?"

"వేసింది. అందుకే బూట్లేసుకున్నా. నువ్వొస్తే పరిగెడదామని."

నువ్వొస్తే. నేను రాకపోతే అది ఆ బల్ల దగ్గరే కూర్చునేదమ్మా. నేను పక్కగదిలో అద్దం, దువ్వెన, దుప్పటి అనుకుంటూ ఉండేదాన్ని. తల్లి భయపడుతుందని పిల్లలు నిజాలు మింగేస్తారని నేను తల్లులకి చెప్తాను. నా ఎదురుగా కూర్చుని వాళ్ళు ఏడుస్తారు, నేను కాగితపు రుమాలు అందిస్తాను. ఆ కుట్టుపని చోట పైనున్నాయన చెప్పిన మాటని నా ఇంట్లో నా పిల్ల చేత నేనే చెప్పించుకున్నాను. విని, ఆవిడ కూర్చున్నట్టే కూర్చున్నాను.

మర్నాడు పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పేశాను. చెప్పడం అయిపోగానే ఆమె లేచి కిటికీ తెరిచింది. నేను ఎగిరిపడి, "మీకూ వాసన వస్తోందా మేడమ్?" అన్నాను. "లేదమ్మా, ఉక్కగా ఉంది" అంది. ఇద్దరం నవ్వాం, నేను ఆ నవ్వులోనే భోరుమన్నాను. కొన్నాళ్ళు కేసులు చూడొద్దంది. నన్ను కూడా ఒకరి దగ్గరికి పంపుతోంది, తలుపు పక్క కుర్చీలో కూర్చోవడానికి. కుట్టుపని ఆవిడతో మాత్రం నేనే మాట్లాడాలంది, మాయమైపోకూడదంది. మొన్న వెళ్ళి చెప్పాను. ఇకనుంచి ఇంకొకరు చూస్తారని, నాకు ఒంట్లో బాగుండట్లేదని. ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "మీకూ వస్తోందా?" అంది. మా పనిలో అలాంటి ప్రశ్నకి జవాబు చెప్పకూడదు. "వస్తోందండీ" అన్నాను. తప్పో ఒప్పో ఇంకా తెలియదు. ఆవిడ మాత్రం లేచి, తలుపు పూర్తిగా తీసిపెట్టి, మళ్ళీ వచ్చి కూర్చుంది.

వాసన ఇంకా పోలేదమ్మా. ఇప్పుడు కూడా వస్తోంది. ముందు భయం ఒకటే, లేని పొగ వస్తోందని. ఇప్పుడు రెండు. ఉన్న పొగ వచ్చినా నేను నమ్మనేమోనని రెండోది. ఇంట్లో పొగ పసిగట్టే యంత్రం పెట్టించాం, అది కూతపెడుతుందట. అది కూయనప్పుడు పాడైందేమో అనుకుంటాను. పిడుగుని ఇక అడగనని ఒట్టు పెట్టుకున్నాను. అడగకపోయినా అది నా మొహమే చూస్తోంది. నేను తలెత్తి గాలి పీలిస్తే చాలు, "ఏం రావట్లేదమ్మా" అనేస్తోంది, నేను నోరు తెరవకముందే. అది నిజమో అబద్ధమో నాకు తెలియదు. నా కూతురి మాట నేను నమ్మలేకపోతున్నాను. దాన్నలా చేసింది నేనే.

నీ ఆఖరి ప్రశ్న, "నేను రానా?" అని. వద్దు, చంటివాడితో నీకు ఊపిరాడటం లేదు, మేం బానే ఉన్నాం అని ఫోన్‌లో కొట్టిపారేశాను. ఇప్పుడు మాట మారుస్తున్నాను. చంటివాడి దగ్గర వాళ్ళ అమ్మమ్మ కూడా ఉంది. నా పిల్ల అమ్మమ్మని నాకు పంపమని తమ్ముడికి నా మాటగా చెప్పు. మరదలికి నేనే ఫోన్ చేసి బతిమాలుకుంటాను.

నువ్వు వచ్చి ఏం చెయ్యక్కర్లేదు. నాకు వాసన వచ్చినప్పుడు నిన్ను అడుగుతాను. వస్తే వస్తోందను. రాకపోతే రావట్లేదను. నేను భయపడతానని, ఏడుస్తానని నిజం దాచకు. చిన్నప్పుడు నా మొహం చిన్నబోతుందని ఒక్క తిట్టు కూడా తగ్గించినదానివి కాదు నువ్వు. అప్పట్లో దానికే నీ మీద కోపం ఉండేది. ఇప్పుడు నాకు కావలసింది అదే.

ఈ ఉత్తరం రాయబోతున్నానని పొద్దున జడ వేస్తూ పిడుగుకి చెప్పాను. అమ్మమ్మ వస్తుందని, ఇక వాసన సంగతి అమ్మమ్మనే అడుగుతానని, అది ఇక తన పని కాదని చెప్పాను. జడ అయిపోయాక అద్దంలోంచి నన్ను చూస్తూ అడిగింది.

"అయితే అమ్మమ్మ వచ్చాక నేను నిద్రపోవచ్చా?"

త్వరగా రా అమ్మా.

ఇట్లు,
నీ రాక కోసం గుమ్మంలోనే ఉండే
నీ పెద్దమ్మాయి